గళ్ల కాగితం మీద పాప

పెద్దమామ పోయాడన్న మాట మా ఇంటికి టీ బండి అతను తెచ్చాడు. పొద్దున్నే నేను రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతున్నాను. అతను గడప దగ్గర నిలబడి మా మామను పిలిచి, మీ అన్న బండి ముందు బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే గోడకు ఒరిగిపోయాడని చెప్పాడు. చేతిలో టీ గ్లాసు ఉందట. గ్లాసు కింద పడలేదట. ఆ మాట రెండుసార్లు చెప్పాడు. మా మామ చొక్కా కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. నేను చేయి తీసేశాక కూడా రాట్నం కొంచెంసేపు తిరిగింది.

మంచం మీద మోసుకొచ్చి ఆయన ఉండే ముందు గదిలో పడుకోబెట్టారు. అప్పుడు నేను ఆయన ముఖాన్ని నేరుగా చూశాను. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్లయింది. నేరుగా చూడడం అదే మొదటిసారి.

పెద్దమామ అంటే మా మామకు అన్న. మా ఇళ్లలో కోడళ్లు పెద్దమామ ఎదుట నిలబడరు. నీళ్లయినా రొట్టె అయినా తలుపు పక్కన పెట్టి, గొంతు సవరించుకొని పక్కకు తప్పుకోవాలి. ఇప్పుడు గద్వాలలో చాలా ఇళ్లలో ఈ పద్ధతి పోయింది. మా ఇంట్లోనూ ఎవరూ గట్టిగా పట్టుబట్టలేదు. నాకే బిడియం. ఆ చాటు నాకు సుఖంగా ఉండేది. అందుకే ఆయనను నేను ముక్కలుగానే చూశాను. తలుపు సందులోంచి ఒక చెవి, దాని మీద పెన్సిలు. కుర్చీ వెనక నుంచి మెడ. కాగితం మీదికి వంగినప్పుడు వేళ్లు. దవడ కదిలితే వక్క నములుతున్నాడని తెలిసేది. ఇవన్నీ కలిపితే ఎలాంటి ముఖం అవుతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నేను ఏడో తరగతి వరకే చదువుకున్నాను. ఆయన గురించి రాయవలసింది నేను కాదు. కానీ ఆయన పోయాక వచ్చినవాళ్లందరూ ఆయన గీసిన చీరల గురించే మాట్లాడారు. ఆయన గీసిన ఒక బొమ్మ గురించి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అందుకని రాస్తున్నాను.

ఆయన పని చీరలకు డిజైన్లు గీయడం. నెమళ్లు, హంసలు, గోపురాలు, రుద్రాక్షలు. అన్నీ గళ్ల కాగితం మీదే. చిన్న చిన్న గళ్లను పెన్సిలుతో ఒక్కొక్కటిగా నింపుకుంటూ పోతే నెమలి వస్తుంది. ఆ కాగితం అట్టలు కొట్టే మనిషి దగ్గరికి వెళుతుంది. కాగితంలో ఒక్కో అడ్డవరుసకు ఒక్కో అట్ట. నింపిన గడి ఉన్నచోట అట్టకు రంధ్రం కొడతాడు. అట్టలన్నీ వరుసగా తాడుతో కుట్టి, చివరి అట్టను మొదటి అట్టకు కలిపి, మగ్గం మీద దండలా వేలాడదీస్తారు. ఆ దండ తిరిగినన్నిసార్లు అంచు మీద నెమలి వస్తుంది. కాబట్టి డిజైన్‌లో పై వరుస వచ్చి కింది వరుసతో కలవాలి. కలవకపోతే అంచు తెగిపోయినట్టు కనిపిస్తుంది.

“తుది పోయి మొదలుకు తగలాలె. గప్పుడే చీర నడుస్తది,” అనేవాడు పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో. ఆయన కాగితం తుది మొదలుకు తగలలేదన్న మాట ఎప్పుడూ రాలేదని గద్వాలలో చెప్పుకునేవారు.

పెన్సిలు పాత బ్లేడుతో చెక్కేవాడు. ఆ చెక్కును కొబ్బరి చిప్పలో పోగుచేసి, నిండాక నాకు పంపేవాడు, పొయ్యి రాజేసుకోవడానికి. ఏ వస్తువునైనా ముందు ఒక కన్ను మూసి చూసేవాడు, తరువాత రెండో కన్ను మూసి చూసేవాడు. టీ తాగుతూ గ్లాసును చేతిలో తిప్పి తిప్పి చూస్తాడని టీ బండి అతను ఎగతాళి చేసేవాడు. గ్లాసులో ఈగ పడిందా పెద్దయ్యా అని అడిగితే, ఈగ పడితే ఎటు నుంచి చూసినా ఈగే, గ్లాసే ఒక్కో దిక్కు నుంచి ఒక్కో తీరుగా ఉందని అన్నాడట.

పని లేని మధ్యాహ్నాలలో ఆయన వేరే బొమ్మలు గీసేవాడు. యువకుడిగా ఉన్నప్పుడు డ్రాయింగ్ పరీక్ష రాయడానికి హైదరాబాద్ వెళ్లి, అక్కడ గ్రంథాలయంలో ఒక లావు పుస్తకం చూశాడట. అందులో పరదేశపు చిత్రకారుడు ఒకడు మనిషి ముఖాన్ని కత్తెరతో కత్తిరించినట్టు ముక్కలు చేసి, ముందు నుంచి చూసిన ముక్కు, పక్క నుంచి చూసిన కన్ను, వెనక నుంచి చూసిన తల, అన్నీ ఒకేచోట పెట్టాడట. ఆ పద్ధతికి క్యూబిజం అని పేరట. పరీక్ష ఏమైందో ఎవరికీ చెప్పలేదు. ఆ పుస్తకం సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. ఒకసారి వీధి చివర ఆవిడ మేకను అలా గీసి గోడకు అంటించాడు. ఆవిడ వచ్చి చూసి, “నా మేకకు రెండు కండ్లు ఒక్క దిక్కే పెట్టినవ్. మల్ల సంతల ఎవడు కొంటడు దాన్ని?” అని తగవు పెట్టుకుంది. పెద్దమామ నవ్వుతూనే ఆ కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని మేక కొట్టంలోనే కట్టింది. ఒకసారి చీరల సేటుకు అలాంటిదే ఒక డిజైన్ చూపించాడట. ఈ చీర కట్టుకున్న ఆడమనిషి బస్సు ఎక్కితే కండక్టరుకు కళ్లు తిరుగుతాయని సేటు అన్నాడట. పెద్దమామ మళ్లీ నెమళ్లకు వచ్చాడు.

ఇక నా సంగతి చెప్పాలి.

మా తల్లిగారిది గోపాల్‌పేట దగ్గర పల్లె. మూడేళ్ల కింద కాన్పుకు అక్కడికి వెళ్లాను. వనపర్తి దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. రెండు రోజులు ఉంది. నేను పాపను మూడుసార్లు చూశాను. పుట్టగానే నర్సు కాళ్లు పట్టి పైకెత్తినప్పుడు తలకిందులుగా చూశాను. మరుసటి రోజు అద్దాల పెట్టెలో పక్క నుంచి చూశాను. అద్దం మీద నా ఊపిరి పడి మసకైంది. మూడోసారి బట్టలో చుట్టి తీసుకువెళుతుంటే, ఒక పాదం బయటికి వచ్చి ఉంటే, దాన్ని పట్టుకున్నాను. అంతే. ఆడవాళ్లు వెంట వెళ్లరు కాబట్టి నేను వెళ్లలేదు.

ఫోటో లేదు. మగవాళ్లను పాప దగ్గరికి రానీయలేదు, మా ఆయన ఫోను నా చేతికివ్వబోతే మా అత్తమ్మ ఆపింది. ఇరవై ఒకటో రోజు దాకా పసిపాప ఫోటో తీయకూడదు, దిష్టి తగులుతుంది అన్నది. ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మా అమ్మ కూడా అదే అన్నది. ఇరవై ఒకటో రోజు వస్తుందని అందరం అనుకున్నాం.

గద్వాల తిరిగి వచ్చాక ఎవరూ పాప మాట ఎత్తలేదు. మంచిగా తిను, ఇంకొకరు వస్తారు అనేవారు. తరువాత ఇక రారని దవాఖానలో చెప్పారు. అప్పటి నుంచి ఆ మాట కూడా మానేశారు. నాకు మాత్రం పాప ముఖం రోజుకింత పోతూ వచ్చింది. ఒక పొద్దు లేచి చూస్తే ముక్కు గుర్తులేదు. ఆ రోజు నేను ఏ పనీ సరిగ్గా చేయలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పెద్దమామ గదిలో నీళ్ల చెంబు పెట్టడానికి వెళ్లాను. చెంబు తలుపు పక్కన పెట్టి తప్పుకుంటుంటే, ఆయన వెనక్కి తిరగకుండానే అడిగాడు.

“బిడ్డా, పాప ఎట్లుండె?”

ఆ మాట అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. నేను లోపలికి వచ్చేశాను. మూడో రోజు తలుపు చాటున నిలబడి చెప్పాను.

“తెల్వదు మామా. సక్కగ చూడలే.”

“సక్కగ ఎవలు చూస్తరు? చూసినకాడికి చెప్పు. అనుకున్నది చెప్పకు, చూసింది చెప్పు.”

ఆ తరువాత నెల రోజులు, మగ్గాలు ఆగి అందరూ కునుకు తీసే వేళ, నేను రాట్నం తలుపు ఇవతలికి జరుపుకొని కండెలు చుడుతూ చెప్పేదాన్ని. ఆయన అవతల గళ్లు నింపేవాడు. ఏ దిక్కు నుంచి చూసినవ్ అని అడిగేవాడు. వెలుగు ఎటు నుంచి పడుతోందని అడిగేవాడు. పాదం బరువుగా ఉందా తేలికగా ఉందా అని ఒకరోజు అడిగితే, నేను రాట్నం ఆపాను. తేలిక అని చెప్పాను.

కాగితం తలుపు కింది నుంచి ఇవతలికి జరిపిన రోజు నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. కింద పాదం ఉంది, వేళ్లు పైకి. అన్నిటికన్నా అదే పెద్దది. పైన ఒక చెవి, పక్క నుంచి. ఒక మూసిన కన్ను నిలువుగా, ఒకటి తలకిందులుగా. అద్దాల పెట్టె అంచు నుదురు మీదుగా పోయి గడ్డం దగ్గర తేలింది. చూస్తూ ఉండగా ఎక్కడా ఏదీ కదలకుండానే అది పాప అయింది. ముక్కు ఉంది. నాకు గుర్తులేని ముక్కు. నేనే ఏదో ఒకరోజు చెప్పి ఉంటాను.

మధ్యలో, పాదం వేళ్లకు కొంచెం పైన, నల్లగా ఒక ఆకారం ఉంది. కింద సన్నగా మొదలై, పైకి పోయేకొద్దీ వెడల్పై, ఒక పక్కకు వంగింది. అది పాపలో ఏ భాగమూ కాదు. పెట్టె కాదు, బట్ట కాదు. తలుపు చాటు నుంచి అదేమిటని అడిగాను.

“గా నల్లది నువ్వు చెప్పిందే బిడ్డా. యాది చేస్కో.”

నేను యాది చేసుకున్నాను. రాలేదు. పై వరుసలు అలాగే వదిలేశావు, కింది వరుసతో కలవలేదు కదా అని కూడా అడిగాను. అంతపాటి పని అప్పటికి నాకూ తెలిసింది.

“ఇది మల్లమల్ల వచ్చేది కాదు గదా,” అన్నాడు.

పోయిన పసిబిడ్డ బొమ్మ ఇంట్లో ఉండకూడదంటారు. అందుకే కాగితాన్ని పెద్దమామ తన కాగితాల చుట్టలోనే దాచాడు. నాకు చూడాలనిపించినప్పుడు చెంబు పెట్టి గొంతు సవరించుకోకుండా అక్కడే నిలబడితే, ఆయనకు తెలిసేది. కాగితం తలుపు కింది నుంచి వచ్చేది. చూసి మళ్లీ అలాగే జరిపేదాన్ని. ఇలా దాదాపు రెండేళ్లు. ప్రతిసారీ ఆ నల్ల ఆకారం దగ్గర ఆగేదాన్ని. ఇంకోసారి అడగాలి అనుకునేదాన్ని. నేను చెప్పిన మాటే నాకు గుర్తులేదంటే ఏమనుకుంటాడోనని సిగ్గు. యాదికి వచ్చాక నేనే చెబుదాం, ఆయన సంతోషిస్తాడు అనుకున్నాను. ఆయన ఎప్పుడూ అక్కడే, ఆ కుర్చీలోనే ఉంటాడు కదా అని అనుకున్నాను.

ఆయన పోయిన మూడో రోజు ఫోటో కట్టించారు. ఆధార్ కార్డులోది పెద్దది చేయించారు. అందులో ఆయన ఎదురుగా, రెండు కళ్లతో ఒకేసారి చూస్తున్నాడు. ఎవరిదో ఫోటో అనిపించింది.

అయిదో రోజు మా మామ ముందు గది సర్దాడు. అన్న గీసిన చివరి డిజైన్లు అట్టలు కాకుండా ఉండిపోకూడదని, చుట్టలో ఉన్న కాగితాలన్నీ కలిపి తాడు కట్టి అట్టలు కొట్టే మనిషికి పంపాడు. అన్న పేరు మీద ఒక చీర నేసి దేవుడికి ఇవ్వాలని ఆయన కోరిక. ఆ చుట్ట గడప దాటుతుంటే నేను తలుపు చాటునే ఉన్నాను. అందులో నాది ఒకటుందని చెప్పడానికి నోరు రాలేదు. ఇల్లంతా మనుషులు. ఏం చెప్పాలి, ఎవరికి చెప్పాలి? బొమ్మ గీయించుకున్నానని చెబితే అత్తమ్మ ఏమంటుంది? మామ మనసు ఎలా ఉందో. ఆ ఆలోచనలోనే నాలుగు రోజులు పోయాయి. ఆ నాలుగు రోజులు నేను తిరిగి తెచ్చుకోలేను.

తొమ్మిదో రోజు పొద్దున మగ్గం దగ్గర మా ఆయనకు చెప్పాను. ఆయన నేస్తున్న నాడెను పక్కన పెట్టాడు. నాకు చెప్పకపోతివి అన్నాడు. కోపంగా అనలేదు. బండి తీశాడు.

అట్టలు కొట్టే ఆయన మంచివాడు. పెద్దమామ దగ్గరే పని నేర్చుకున్నవాడు. మమ్మల్ని చూసి కుర్చీలు వేశాడు. కాగితాల సంగతి అడగగానే ఆ ఒక్క కాగితాన్నే బయటికి తీసి గొంతు తగ్గించాడు.

“నీతోనే చెప్తున్న తమ్మీ, బయటికి పోనియ్యకు. పెద్దాయనకు ఆఖరుకు కండ్లు మసకైనట్టున్నయి. తుది మొదలుకు తగులుతలేదు. నడుమ ఏందో నల్లగ, అర్థం పర్థం లేకుండ నింపిండు. కింది నుంచి ఇరవై మూడు అట్టలు కొట్టినంక చూసిన. రేపు ఎవడన్న చూస్తే గాయనకు మాట వస్తదని, నేనే సరిచేసిన.”

సరిచేశాడు. నల్ల ఆకారాన్ని బ్లేడుతో గీకి, ఆ చోట మామిడిపిందె నింపాడు. నిలువుగా ఉన్న కన్నును తీగగా మార్చాడు. చెవిని పువ్వు చేశాడు. పై వరుసలను కిందికి చక్కగా కలిపాడు. మంచి పనివాడు. ఎక్కడా తప్పు లేదు. ఎవరు చూసినా అంచుకు పనికొచ్చే డిజైనే. కింద పాదం ఒక్కటి ఇంకా అలాగే ఉంది. దాన్ని కూడా ఆకుగా మార్చడానికి పెన్సిలు గుర్తులు పెట్టుకున్నాడు.

మా ఆయన ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. వేలితో పాదాన్ని తాకి, “గిది పాప కాలు,” అన్నాడు. అట్టలాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆ కాగితం ఏమిటో ఆయనకు ముందు ఎవరూ చెప్పలేదు. గురువు పేరు కాపాడాలని చేశాడు. ఆయనతో ఏం చెబుతాం?

తిరిగి వస్తుంటే దారిలో బండి ఆపించి మా ఆయనను అడిగాను. పాపను తీసుకువెళ్లింది నువ్వు కదా, దగ్గర నల్లగా, ఒక పక్కకు వంగినట్టు ఏదైనా ఉండిందా, ముఖం మీద గానీ, ఎక్కడైనా గానీ.

“నేను మొఖం చూడలే,” అన్నాడు. “బట్ట తియ్య చాత కాలే.”

అంటే ఆ నల్లది చూసినది నేను ఒక్కదాన్నే. నేను చూసినది తెలిసినవాడు పెద్దమామ ఒక్కడే. ఆయన దాన్ని నల్లగా నింపి, యాది చేసుకోమని చెప్పి వెళ్లిపోయాడు. నాకు యాదికి రాదు. ఇక రాదనే అనుకుంటున్నాను. నర్సు చేతి నీడా? అద్దం మీద నా ఊపిరా? వంగి చూస్తున్న నా తలా? ఏది అనుకున్నా అది నేను అనుకున్నదే అవుతుంది. ఆయన చూసింది చెప్పమన్నాడు.

అత్తమ్మకు ఇప్పుడు అంతా తెలుసు. తెలిసిన మరుసటి రోజు పెద్దమామకు పెట్టిన ఇస్తరి పక్కన చిన్న గిన్నెలో పాలు కూడా పెట్టింది. ఎందుకని మేము అడగలేదు.

చీర ఒకటి నేశారు, ఆయన పాత నెమలి డిజైన్‌తో. ఆ కాగితం సంగతి మామకు చెప్పలేదు. కాగితం ఇప్పుడు నా పెట్టెలో ఉంది. తీసి చూడను. చూస్తే మామిడిపిందె కనిపిస్తుంది, దాని కింద ఏముండేదో ఇంకొంచెం పోతుంది.

నేను చూసేవి అట్టలు. కొట్టిన ఆ ఇరవై మూడు అట్టలను అట్టలాయన పాత చెత్తలో వేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. ఇరవై రెండు అట్టల్లో పాదం ఉంది. మడమ నుంచి వేలి కొసల దాకా. ఇరవై మూడో అట్టలో పాదం అయిపోయింది. ఆ వరుసలో ఉన్నది నల్ల ఆకారం మొదలు ఒక్కటే. అంచుల్లో తాడు కుట్టుకునే రంధ్రాలు కాక, మధ్యలో మూడే మూడు రంధ్రాలు.

మధ్యాహ్నం మగ్గాలు ఆగినప్పుడు నేను ఖాళీ గది తలుపు దగ్గర కూర్చుంటాను. ఇప్పుడు చాటు అవసరం లేదు, తలుపు తెరిచే ఉంటుంది. ఆయన కుర్చీ దగ్గరి కిటికీలోంచి ఎండ గడప దాకా వస్తుంది. ఆ అట్టను ఎండకు అడ్డంగా పట్టుకుంటే నా అరచేతిలో మూడు వెలుగు చుక్కలు పడతాయి. పక్కపక్కనే, బియ్యపు గింజలంత. పట్టుకుందామని చేయి మూస్తాను. అవి లోపల ఉండవు. మూసిన పిడికిలి మీద, వేళ్ల ఎముకల మీదికి వచ్చి, అలాగే ఉంటాయి.